పట్టా విరగని రోజులు: రైల్వే మంత్రి గారికి ఒక కీమాన్ కూతురి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,



మా నాయిన 2025 వేసవిలో చనిపోయాడు. డోర్నకల్, మహబూబాబాద్‌ల మధ్య లైనులో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమాన్‌గా రిటైరైన మనిషి. లక్షలమంది పనిచేసే శాఖలో ఆయన ఒకడు. ఆయనెవరో మీకు తెలిసే అవకాశం లేదు, తెలియనందుకు నాకు ఫిర్యాదూ లేదు. ఆయన చేసిన పని ఏమిటో మాత్రం మీకు తెలియాలి, మీతో పాటు రైలెక్కే ప్రతివాళ్లకూ తెలియాలి. అందుకే ఈ ఉత్తరాన్ని మీ కార్యాలయానికి పోస్టు చేయకుండా పత్రికకు ఇస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. పట్టా విరిగిన రోజున దాన్ని కనిపెట్టి బండిని ఆపినవాడికి రైల్వే అవార్డు ఇస్తుంది. ఇవ్వాలి కూడా. పట్టా విరగకుండా చూసిన రోజులు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. మా నాయిన సర్వీసు దాదాపు అంతా ఆ రోజులే. ఆయన సంసారం కూడా అట్లాంటి రోజులతోనే నడిచింది.

కీమాన్ పని దూరం నుంచి చూస్తే ఉత్త నడకలా ఉంటుంది. తెల్లవారకముందే లేస్తాడు. భుజాన సంచి. అందులో సుత్తి, పానా, రెండు ఎర్రజెండాలు, ఒక పచ్చజెండా, డిటోనేటర్ల డబ్బా, చేతికి అందినన్ని విడి క్లిప్పులు. ఆరు కిలోమీటర్ల దాకా బీటు. పోయేటప్పుడు ఒక పట్టాను చూసుకుంటూ పోతాడు, వచ్చేటప్పుడు రెండో పట్టాను చూసుకుంటూ వస్తాడు. కాంక్రీటు స్లీపరుకు నాలుగు క్లిప్పులు, ఇప్పటి కొలత ప్రకారం కిలోమీటరుకు 1,660 స్లీపర్లు. ఆరు కిలోమీటర్ల మీద లెక్కేస్తే ఒక్క లైనుకే నలభై వేలకు దగ్గర క్లిప్పులు. బండి పోయిన ప్రతిసారీ వాటిలో కొన్ని అదురుతాయి, కొన్ని వదులవుతాయి, ఒకటో రెండో ఊడి కంకరలో పడతాయి. అవి దొరకాలి. దొరికినవాటిని మళ్లీ బిగించాలి. వెల్డింగులు చూడాలి, ఫిష్ ప్లేట్ల బోల్టులు చూడాలి, కంకర జారిందా, కట్ట కుంగిందా చూడాలి. బండి వస్తే పక్కకు జరిగి నిలబడి, దాని కింద ఏదైనా వేలాడుతున్నదా, ఇరుసు వేడెక్కి కమురు వాసన వస్తున్నదా కనిపెట్టాలి. తెల్లారితే మళ్లీ అదే ఆరు కిలోమీటర్లు.

గట్టిగా పట్టి ఉన్న క్లిప్పు మీద సుత్తి పడితే ఖంగుమంటుంది. వదులైనది బొంగురుగా పలుకుతుంది. అంగట్లో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలి కణుపుతో కొట్టి చూసి తీసుకునేది. నాయిన రోజంతా చేసేది అదే పని. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఎవరి సైకిలు ఇంటి ముందు ఆగినా దాని ముందు చక్రం నట్టు మీదికి చెయ్యి పోయేది. మంచం కోళ్లు, తలుపు బందులు, బావి గిలక, ఏవీ ఆయన ఉన్నన్నాళ్లు కిర్రుమనలేదు. రాత్రి పడుకునే ముందు స్టవ్వు దగ్గరికి పోయి గ్యాసు బంద్ చేశామా అని చేత్తో తిప్పి చూసేవాడు. కండ్లతో చూసింది ఆయనకు చాలదు, చెయ్యి పెట్టాలి.

చదువు రెండో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లిషు అక్షరాలను పట్టా మీద నేర్చుకున్నాడు. మీకు తెలిసే ఉంటుంది, పట్టా పక్కభాగంలో దాన్ని తయారుచేసిన కర్మాగారం పేరు, సైజు, నెల, సంవత్సరం ఉబ్బెత్తుగా పడి ఉంటాయి. నెలను రోమన్ అంకెల్లో వేస్తారు. భిలాయి నుంచి వచ్చిన పట్టాల మీది ఆ గుర్తులను మేస్త్రీని అడిగి అడిగి పట్టుకున్నాడు. బడిలో పంతులు చెప్పకముందే నాకు రోమన్ అంకెలు వచ్చాయంటే అది నాయిన పుణ్యమే. నేను పుట్టిన ఏడాది తయారైన పట్టా తన బీటులో ఎక్కడుందో ఆయనకు తెలుసు. పిల్లలెవరూ లైను మీద కాలు పెట్టకూడదని గట్టి కట్టడి కాబట్టి దాన్ని నేను ఏనాడూ చూడలేదు. కొన్నేండ్లకు పాత పట్టాలు తీసేసి కొత్తవి వేసినప్పుడు, ఆ సాయంత్రం అన్నం తింటూ, "నీ పట్టా తీసేసిన్రు బిడ్డా, అరిగింది గని ఏడ పగల్లే" అన్నాడు.

ఆయన మొదట క్యాజువల్ లేబర్. కంకర ఎత్తడం, స్లీపర్లు మోయడం, గడ్డపారతో పట్టాలు జరపడం. టెంపరరీ స్టేటస్ వచ్చి, స్క్రీనింగ్ అయి పర్మనెంట్ అయ్యేదాకా అమ్మ కూలికి పోయింది, మిరపతోటల్లో కాయ ఏరింది. పర్మనెంట్ అయిన కాగితం పట్టుకొని వచ్చిన రోజు నాయిన మాట్లాడలేదట. ఆ కాగితాన్ని దేవుడి పటం కింద పెట్టి, బావి దగ్గరికి పోయి చాలాసేపు స్నానం చేశాడట. ఇది అమ్మ చెప్పిన సంగతి.

అప్పట్లో జీతం చేతికే వచ్చేది. పే క్లర్కు వచ్చి అందరినీ వరసలో నిలబెట్టి, వేలిముద్రో సంతకమో తీసుకొని ఇచ్చేవాడు. నాయిన మడత కూడా విప్పకుండా తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. బీడీ మానేసిన సంవత్సరం, పెద్దక్కను హాస్టల్లో వేసిన సంవత్సరం ఒక్కటే. చిన్నక్క నర్సింగుకు ఒకసారి, నా డిగ్రీకి ఒకసారి, తమ్ముడి ఐటీఐకి ఒకసారి పీఎఫ్ లోను, సొసైటీ లోను తీశాడు. ఒకటి తీరేలోపు ఇంకొకటి. రిటైరయ్యేదాకా కోతలు లేని జీతం చీటీ మా ఇంట్లోకి రాలేదు. వాటి గురించి ఒక్కమాట కూడా మా చెవిన పడనివ్వలేదు. లోన్ల సంగతి రిటైర్మెంటు కాగితాలు సర్దుతున్నప్పుడు నాకు తెలిసింది.

కుటుంబాన్ని ప్రేమించిన తండ్రి అంటే చాలామంది కథలు చెబుతారు. మా నాయిన దగ్గర కథలు తక్కువ. మమ్మల్ని ఎత్తుకొని ముద్దాడిన మనిషి కాదు. నైట్ పెట్రోలింగ్ చేసి తడిసి ముద్దై వచ్చి, రెండు గంటలు కన్ను మూసి, మళ్లీ లేచి మమ్మల్ని లెవెల్ క్రాసింగ్ దాటించి బడి దాకా దిగబెట్టేవాడు. గేటు దగ్గర రెండువైపులా చూసి, ఇంకోసారి చూసి, అప్పుడు మా చెయ్యి వదిలేవాడు. పాదాలు ఎండాకాలం కంకర వేడికి పగిలి నెర్రెలు బారేవి. రాత్రిళ్లు ఉప్పువేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటే అమ్మ ఆముదం రాసేది. ఆ కాళ్లు నీళ్లలో ఉన్న ఆ కాసేపే ఆయన మా పుస్తకాలు తెరిచి బొమ్మలు చూసేది, మమ్మల్ని చదవమని వినేది.

ఫ్రీ పాసు మీద ఒకసారి అందరం తిరుపతి పోయాం, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో. మేం కిటికీల దగ్గర కొట్లాడుకుంటుంటే ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. పగలున్నంతసేపూ అక్కడే. ఎక్కడ కీమాన్ కనపడ్డా చెయ్యెత్తాడు. వాళ్లూ ఎత్తారు. ఖమ్మం దాటాక ఒకచోట బండి కొద్దిగా ఊగింది. నాయిన వెనక్కి తిరిగి కట్ట వంక చూసి, "ఈడ కంకర ప్యాకింగ్ తక్కువైంది" అన్నాడు, తనలో తాను. సెలవులో ఉన్నాడని గుర్తుచేసినా వినే మనిషి కాదు.

మంత్రి గారూ, ఇక అవార్డు సంగతి. ఒక ఏడాది డిసెంబరులో, మంచు పడుతున్న తెల్లవారుజామున, ఆయన బీటులో వెల్డింగు దగ్గర పట్టా తెగింది. చలికి ఇనుము కుంచించుకుపోతుంది, లోపల కంటికి ఆనని పగులు ఎక్కడున్నా అక్కడ తెగుతుంది. వేలు దూరేంత సందు. నాయిన అక్కడ ఎర్రజెండా పాతి, బండి వచ్చే దిక్కుకు పరుగెత్తాడు. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1,200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు. కంకర మీద, బూట్లతో, మంచులో. బొగ్గు గూడ్సు వస్తున్నది. చక్రం కింద డిటోనేటర్లు పేలగానే డ్రైవరు బ్రేకు వేశాడు. ఆ తర్వాత లైను చూసే ఇన్‌స్పెక్టరు పీడబ్ల్యూఐ గారు, గ్యాంగు వచ్చి, క్లాంపులు బిగించి, బండ్లను నెమ్మదిగా పంపించారు. మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాడు. ఎందుకింత పొద్దుపోయిందని అమ్మ అడిగితే, "పట్టా ఇరిగింది, అన్నం పెట్టు" అన్నాడు. ఆ రోజు పరుగెత్తిన సంగతి మాకు వారం తర్వాత మేస్త్రీ చెబితే తెలిసింది.

దానికి సర్టిఫికెట్ ఇచ్చారు, కొంత నగదు ఇచ్చారు. నగదు చిన్నక్క ఫీజుకు పోయింది. సర్టిఫికెట్టును ట్రంకుపెట్టెలో రేషను కార్డుతో పాటు పెట్టాడు. ఫ్రేము కట్టిద్దామని తమ్ముడు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. "గది కండ్లకు కనపడ్డది, అందుకే ఇచ్చిన్రు" అనేవాడు. ఆ మాటలో విసుగు లేదు, సంబరమూ లేదు. ఆ ఒక్క రోజుకు ముందూ వెనకా తాను బిగించిన వేలవేల క్లిప్పులు ఆయన మనసులో ఉండేవని నేననుకుంటాను.

చరిత్ర కూడా అట్లాగే రాసుకున్నాం. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. మీ కుర్చీలో అప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి గారున్నారు. రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర మళ్లీ వరద, మళ్లీ వంతెన. ఈసారి రాజీనామా ఆమోదించారు. 2005 అక్టోబరు 29న రామన్నపేట, వలిగొండల మధ్య చెరువు తెగి కట్ట కొట్టుకుపోతే రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజరు పడిపోయింది. అక్కడా వందమందికి పైగా పోయారు. ఈ తారీకులు మనకు గుర్తున్నాయి, ఉండాలి. వలిగొండ తర్వాత కొన్ని వారాల పాటు నాయిన సరిగా నిద్రపోలేదు.

మా వరంగల్, మహబూబాబాద్ వైపు భూమి సంగతి మీకు చెప్పాలి. కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువుకు, దాని నుంచి ఇంకో దానికి. రైలు కట్ట ఈ చెరువుల నడుమ నుంచి పోతుంది. లైనుకు ముప్పు తేగల చెరువుల జాబితా మీ శాఖ దగ్గర ఉంటుంది, నీటిపారుదల శాఖతో కలిసి తనిఖీలు కూడా జరుగుతాయి. నాయిన దగ్గర కాగితం లేని జాబితా ఒకటుండేది. జూన్ వచ్చిందంటే గొర్లకాపరులను, చేపలు పట్టేవాళ్లను అడిగేవాడు, ఏ చెరువు ఎంత నిండింది, ఏ కట్టకు బుంగ పడింది, ఏ తూము కారుతున్నది అని. గస్తీ రాత్రుల్లో ఆ కబురు ఆయనకు లాంతరు కంటే ఎక్కువ పనికొచ్చేది. గ్యాంగులో తన తర్వాత వచ్చిన పిల్లలకు అది నోటితోనే అప్పజెప్పాడు.

2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కంకర, కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు దేశమంతా చూసింది. బండ్లను ఎక్కడికక్కడ ఆపేశారు. ఆ వానలో నాయిన రాత్రంతా మేల్కొనే ఉన్నాడు. రిటైరై పదేండ్లు దాటింది, గుండెకు మందులు వాడుతున్నాడు, అయినా మంచం మీద కూర్చొని పాత గ్యాంగువాళ్లకు ఫోన్లు చేయించాడు నాతో. పొద్దున ఫోటో చూపిస్తే పట్టాలను కాదు, కింద తెగిన కట్టను చాలాసేపు చూశాడు. తర్వాత అడిగింది ఒకటే. "రాత్రి గస్తీ పోయిన పోరలు మంచిగున్నరా?"

మిమ్మల్ని అడగదలచిన మొదటి సంగతి ఆ పోరల గురించే.

ఇప్పుడు మా లైనులో బండ్ల వేగం పెరిగింది. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్, విశాఖపట్నం వందే భారత్ మా మీదుగానే పోతున్నది. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. కిలోమీటరు అవతల కనపడిన బండి అరనిమిషం లోపు మీదికి వస్తుంది. ఆవిరి ఇంజిన్ల కాలంలో బండి వస్తుంటే నేల చెప్పేది, చెవి చెప్పేది. కరెంటు ఇంజిను అంత మోత చెయ్యదు. ఎదురు లైనులో గూడ్సు పోతుంటే ఇటు వచ్చే బండి చప్పుడు అసలే వినపడదు. మా క్వార్టర్ల వరసలో ఒకాయన అట్లాగే పోయాడు. గూడ్సుకు దారి ఇద్దామని పక్క లైనులోకి జరిగాడు. నాయిన ఆ ఇంటి పిల్లల ఫీజులు రెండేండ్లు కట్టాడు. అది కూడా అమ్మ చెప్తేనే మాకు తెలిసింది.

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ పరీక్ష జరిగినప్పుడు రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్లో నిలబడ్డారు. ఆ ధైర్యాన్ని నేను మనసారా మెచ్చుకున్నాను. ఆ రోజు టీవీలో చూసి నాయిన కూడా చప్పట్లు కొట్టాడు. ఇంజిన్లో ఉన్నవాళ్లకు కవచం వచ్చింది. ఇంజిను ముందు నడిచేవాడికి రావాలి. బండి వస్తున్నదని మోగి, వణికి హెచ్చరించే రక్షక్ పరికరాన్ని మీ శాఖ రూపొందించి కొన్నిచోట్ల ఇచ్చింది. దాన్ని ప్రతి కీమాన్‌కు, ప్రతి పెట్రోల్‌మన్‌కు ఇవ్వండి. వేగం పెంచిన ప్రతి సెక్షన్లో, వేగం పెంచిన రోజు నుంచే ఇవ్వండి. రాత్రి గస్తీకి ఒంటరిగా ఎవరినీ పంపకండి. భుజాన మోసే బరువు తగ్గించండి. తేలికైన ఉక్కుతో పనిముట్లు చేయడం మన దేశానికి చేతకాని పని కాదు.

ఈ కొలువులోకి ఇప్పుడు బీటెక్కులు, డిగ్రీలు చదివిన పిల్లలు వస్తున్నారు. 2019లో ఒక్క నోటిఫికేషన్లోనే లక్షకు పైగా లెవెల్ 1 పోస్టులు ప్రకటించారు, పదో తరగతి చాలన్న పోస్టులకు పట్టభద్రులు బారులు తీరారు. ఆడపిల్లలు కూడా సుత్తి పట్టుకొని లైను మీద నడుస్తున్నారు. వాళ్లలో చాలామంది ఇంకో పరీక్ష రాసి బయటపడాలని చూస్తారు. అది వాళ్ల హక్కు. కానీ ఉన్నన్నాళ్లైనా ఈ పని తలవంపులు కాదని వాళ్లకు ఎవరు చెప్పాలి? మా నాయిన పెండ్లిచూపుల్లో, చుట్టాల్లో, ఎక్కడైనా "కీమాన్‌ను" అని చెప్పుకున్నాడు, రైల్వేలో ఉద్యోగం అని తప్పించుకోలేదు. ఆ గర్వం ఆయన సొంతంగా సంపాదించుకున్నది. కొత్తపిల్లలకు శాఖ తరఫున అందాలి.

అందుకే రెండో సంగతి అడుగుతున్నాను. అమృత్ భారత్ పథకం కింద స్టేషన్లకు కొత్త రూపం వస్తున్నది. వరంగల్ స్టేషన్‌ను 2025 మే నెలలో ప్రారంభించారు, ముఖద్వారం మీద కాకతీయుల శిల్పం వచ్చింది, చూడముచ్చటగా ఉంది. ప్రతి స్టేషన్లో శంకుస్థాపన ఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవ ఫలకం ఉంటుంది. వాటి పక్కన ఇంకొక పలకకు చోటివ్వండి. ఆ స్టేషను పరిధిలో లైను మీద పనిచేసి రిటైరైన, పనిలో ఉండగా ప్రాణం పోయిన గ్యాంగ్‌మన్‌లు, కీమాన్‌లు, మేస్త్రీలు, గేట్‌మన్‌ల పేర్లు దాని మీద చెక్కించండి. పేరు, బీటు కిలోమీటర్లు, చేరిన ఏడాది, దిగిన ఏడాది. అంతకుమించి ఒక్క పొగడ్త మాట అక్కర్లేదు. అవార్డు వచ్చినవాళ్లను పైన రాసి, రానివాళ్లను కింద రాయవద్దు. మా నాయిన పేరు కూడా వరసలో ఎక్కడ వస్తే అక్కడే ఉండనివ్వండి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటారేమో. పర్మనెంట్ అయినవాళ్ల సర్వీసు రిజిస్టర్లు మీ డివిజన్ ఆఫీసుల్లో ఉంటాయి. క్యాజువల్‌గా పనిచేసి పర్మనెంట్ కాకుండానే వెళ్లిపోయినవాళ్లు, పోయినవాళ్లు వాటిలో ఉండరు. వాళ్ల పేర్లు మా ఊళ్లలో రిటైరైన మేస్త్రీలకు నోటికి వచ్చు. ఎవరు ఏ కిలోమీటరు దగ్గర ఏ ఏడు పనిచేశారో కూడా చెబుతారు. నాయిన దినాలకు వచ్చిన ముగ్గురు మేస్త్రీలను కూర్చోబెట్టి నేను రాసుకుంటే ఒక నోటుబుక్కు సగం నిండింది. వాళ్లలో చిన్నాయనకు డెబ్బై నాలుగేండ్లు. ప్రతి సెక్షన్లో ఇట్లాంటి ముసలివాళ్ల దగ్గరికి ఒక మనిషిని పంపి, పేర్లు రాయించే పనిని ఈ ఏడాదే మొదలుపెట్టించండి. మా సెక్షన్ వరకు నా నోటుబుక్కు సిద్ధంగా ఉంది. ఎవరిని పంపినా ఇస్తాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక కీమాన్ కూతురు,
మహబూబాబాద్ జిల్లా